రూతమ్మ టీచర్ కలపనివ్వని మాట

మధ్యాహ్నం ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి గొంతు పట్టేసిందని మిరియాలూ పటికబెల్లమూ నోట్లో వేసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా చేతిలో పని ఆగిపోయింది. కింద రాయదుర్గం రోడ్డు మీద వెళ్తున్న ఎన్నికల ప్రచార బండి పాట మా అంతస్తుదాకా సన్నగా వినిపిస్తోంది. రెండూ ఒకేసారి కలిసేసరికి, మైకు ముందుకు వెళ్ళేటప్పుడు బుగ్గన మిరియాలూ పటికబెల్లమూ పెట్టుకునే రూతమ్మ టీచర్ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. మిరియాల ఘాటని పక్క అమ్మాయికి అబద్ధం చెప్పాను.

చందానగర్‌లో మేం కిరాయికున్న ఇంటి కింది వాటాలో ఉండేవారావిడ. ప్రైవేటు స్కూల్లో హిందీ టీచరు. బయటి పాస్టర్లు వచ్చిన ఆదివారాల్లో చర్చిలో వాళ్ళ హిందీ ప్రసంగాన్ని వాక్యం వెంట వాక్యం తెలుగులో చెప్పేవారు. ఎన్నికలొస్తే పార్టీలవాళ్ళూ ఆవిడ కోసమే వచ్చేవారు. హైదరాబాదులో అందరికీ హిందీ వచ్చని పేరే గానీ, సభకు లారీల్లో తెచ్చిన జనానికి ఉత్తరాది నాయకుడి హిందీ ఎక్కడ ఎక్కుతుంది? అప్పుడు నేను డిగ్రీ పూర్తిచేసి, కాకినాడ నుంచి వచ్చి, ఉద్యోగం దొరక్క ఇంట్లో అందరిమీదా విసుక్కుంటూ ఉండేదాన్ని. హిందీలో నాకు మంచి మార్కులొచ్చాయని ఒకసారి గొప్పలు పోతే, ఆవిడ నన్ను వెంట తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకే వారంలో మూడు పార్టీల వేదికలెక్కడం చూసి ఉండబట్టలేక అడిగాను.

"ఇంతకీ మీరే పార్టీ అండీ?"

"అది ఓటేసే కాడ చూస్కుంట బిడ్డా. మైకు కాడ మాట వాళ్ళది, నోరే నాది. మంచిగున్నా, మంట పుట్టినా, జర కూడా కలపొద్దు, తియ్యొద్దు."

అప్పట్లో నాకది చాదస్తంగా అనిపించింది. అదేమిటో ఒక సాయంత్రం చందానగర్ మైదానంలో తెలిసింది. నాయకుడు మంచి ఊపులో ఉండగా ముందు వరుసలోంచి ఒక ఇల్లాలు లేచింది. "రెండుసార్లు ఓటేసినం. వానొస్తే ఇప్పటికీ మా ఇండ్లల్లకే నీళ్ళొస్తున్నయ్. ఒక్కనాడన్న వచ్చి చూసిండ్రా?" అని అరిచింది. నాయకుడు ప్రసంగం ఆపి, ఏమంటోందని టీచర్‌ని అడిగాడు. వెనకనుంచి స్థానిక నాయకుడొకడు వంగి, "జై కొడుతున్నదని చెప్పుండ్రి మేడం, అయిపోతది" అన్నాడు. టీచర్ ఆమె మాటల్ని మైకులోనే హిందీలో చెప్పేశారు, ఆ కోపంతో సహా. నాయకుడు నవ్వేసి ప్రసంగం అందుకున్నాడు. ఈలోగా ఇద్దరు మనుషులు ఆ ఇల్లాలిని రెక్కలు పట్టుకుని బయటికి లాగుతున్నారు. టీచర్ తరువాతి వాక్యం తెలుగులో చెప్పలేదు.

"ఆమెను కూసోనియ్యుండ్రి. ఇననీకి పిలిచిండ్రు, అడగనియ్యరా? అప్పటిదాంక నేను జెప్ప," అన్నారు.

కాసేపు మైదానమంతా హిందీ ఒక్కటే తిరిగింది. జనం గోల మొదలుపెట్టారు. చివరికి ఆ ఇల్లాలిని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాకే తెలుగు వినపడింది. ఆవిడ మెట్ల దగ్గర నిలబడ్డ నన్ను నీళ్ళడిగి తాగారు.

ఆ తరువాత ఏ పార్టీ ఆవిడను పిలవలేదు. అన్ని పార్టీలూ ఒక్కమాట మీద నిలబడడం నేను చూసింది అప్పుడే. మైకంటే ఆవిడకు ప్రాణం. వీధిలో ప్రచార బండి వెళితే గుమ్మంలోకొచ్చి, అది మలుపు తిరిగేదాకా నిలబడేవారు. అది కంటబడితే నేను లోపలికి తప్పుకునేదాన్ని, ఎందుకంటే ఇప్పుడు పిలుపులు నాకొస్తున్నాయి. వెళ్ళనా అండీ అని నసిగితే, "పో బిడ్డా, మరి నేర్పింది ఎందుకు?" అన్నారు.

నిజాంపేట సభలో ముప్ఫై ఏళ్ళ మనిషి ఒకడు లేచాడు. అక్కడి హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగానికి చదువుతున్నాడట. "పరీక్ష పెడ్తమన్నరు. నా ఏజ్ అయిపోతున్నది. ఎప్పుడు పెడ్తరో చెప్పు," అని అరిచాడు. నాయకుడు నావైపు తిరిగాడు. వెనక నిలబడ్డ పార్టీవాళ్ళ వైపు ఒకసారి చూశాను. మీకు జిందాబాద్ కొడుతున్నాడని హిందీలో చెప్పాను. నాయకుడు అతనికి చేతులు జోడించి నమస్కారం పెట్టాడు, జనం చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్ల మధ్యే అతన్ని బయటికి మోసుకుపోయారు. తలెత్తి చూస్తే మూడో వరుసలో టీచర్ ఉన్నారు. నా గొంతు వినాలని బస్సెక్కి వచ్చారట. తిరుగుదారిలో ఆవిడ ఆ సంగతే ఎత్తలేదు. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని.

మరి సభలకు వెళ్ళలేదు. హైటెక్ సిటీలో అనువాదాల ఉద్యోగం దొరికింది, మియాపూర్‌కు మారిపోయాం, ఆ వంకతో ఏళ్ళ తరబడి ఆవిడకు మొహం చాటేశాను. మంచం పట్టారని తెలిశాక ఇక ఉండలేక వెళ్ళాను. బాగా చిక్కిపోయారు. కుశల ప్రశ్నలు అయ్యీ కాకముందే, "నిజాంపేటల ఆయన ఏమడిగిండో యాదున్నదా?" అన్నారు.

"ఉందండీ."

"ఇప్పుడు చెప్పు. హిందీల."

మంచం పక్కన నిటారుగా కూర్చుని చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు.

"ఆయన దయచేసి అన్నడా?"

చూసుకుంటే నిజమే. ఎప్పుడు పెడతారో దయచేసి చెప్పండి అన్నాను.

"ఆయన అనలే. అది నీ భయం. ఆయన నోట్లె పెట్టకు. మళ్ళ చెప్పు."

మళ్ళీ చెప్పాను. తలూపి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ వానాకాలం దాటలేదావిడ.

ఢిల్లీ నుంచి కంపెనీ పెద్దలు వచ్చినప్పుడు, హౌస్‌కీపింగ్ వాళ్ళ గోడు హిందీలో చెప్పే పని ఇప్పుడు నాదే. కటువుగా ఉన్నా కటువుగానే చెబుతాను. పొగరంటారు, అననీ. కానీ నేను చెప్పింది అచ్చంగా వాళ్ళ మాటేనా అని కళ్ళు మూసుకుని వినే మనిషి లేరు, ఆ లోటు ఎన్నేళ్ళయినా తీరడం లేదు. ఇప్పటికీ మెట్రోలో ఇంటికి వెళ్తూ ఒక్కోరోజు నిజాంపేట ప్రశ్న హిందీలో నాలో నేనే చెప్పుకుంటాను. ఒక్కోసారి ఆ దయచేసి మళ్ళీ దూరిపోతుంది. అప్పుడు ఆపి, మొదటినుంచి మళ్ళీ చెప్పుకుంటాను.