మోదుగాకుల కుచ్చిళ్లు

నిన్న కిన్వట్‌లో పెండ్లి చూసుకుని రైల్లో నాందేడ్ వస్తుంటే, ఇస్లాపూర్ దగ్గర పట్టాలకు రెండువైపులా మోదుగలు విరగబూసి ఉన్నాయి. పక్కనున్న ముసలామె "హోళి అచ్చింది బిడ్డా" అని సంబరపడింది. నాకు మాత్రం మా చిన్నమామ వీపు గుర్తొచ్చింది.

నేను పెరిగింది అమ్మమ్మ ఇంట్లో. మామలిద్దరిదీ బట్టల దుకాణం. ఇనుప గజంబద్దతో పెద్దమామ కొలిస్తే బట్ట తగ్గేది, చిన్నమామ కొలిస్తే పెరిగేది. అందుకే ఆడవాళ్లంతా చిన్నమామ ముందే కూర్చునేవారు. ఇంట్లో శుభకార్యమైతే విస్తరాకులు కుట్టేదీ ఆయనే. మోదుగాకు మీద మోదుగాకు పెట్టి సన్న పుల్లతో ఆయన గుచ్చితే, చారు పోసినా చుక్క కారేది కాదు.

హోళికి మా గల్లీలో మగవాళ్లు ఆడవేషం కట్టేవారు. దాన్ని సోంగు అనేవారు. భార్యల చీరలు చుట్టుకుని, కాళ్లకు వాళ్ల పట్టీలే పెట్టుకుని, రొమ్ముల చోట గుడ్డముద్దలు దోపుకుని, మీసాలు మాత్రం అట్లాగే ఉంచుకుని బూతులాడుతూ తిరిగేవారు. చీరలిచ్చిన భార్యలే అరుగుల మీద కూర్చుని పొట్టలు పట్టుకుని నవ్వేవారు. పెద్దమామ ప్రతి ఏడూ అమ్మమ్మ చీరే కట్టేవాడు.

ఆ ఏడు చిన్నమామ మీసం తీసేశాడు. విస్తళ్లకని ముందే దాచిన మోదుగాకులను ఆ విస్తరి కుట్టుతోనే మడమల దాకా కుచ్చిళ్లుగా కుట్టుకున్నాడు. మోదుగపూలు గుచ్చి భుజాల నిండా కప్పుకున్నాడు. మెడలో గురిగింజల దండ. అంత అందమైన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ఆయన గల్లీలో మెల్లగా నడుస్తుంటే అందరూ మొదట నవ్వారు, ఇక బూతు మాట అంటాడని ఎదురుచూశారు. ఆయన కుచ్చిళ్లు సర్దుకుని నడుస్తూనే ఉన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

ఎదురింటి కిరాణా సేటు పెద్దమామ వైపు తిరిగి, "ఏం సేటూ, ఇంటికి కొత్త కోడలచ్చిందని చెప్పనే లేదు" అన్నాడు.

"ఇగ సాలు, ఇప్పు" అన్నాడు పెద్దమామ తమ్ముడితో.

"పొద్దుగూకేదాంక ఉంటనన్నా."

పెద్దమామ దుకాణంలోకి పోయి గజంబద్ద తెచ్చాడు. కట్టుకున్న చీర పైకి దోపుకుని కొట్టాడు. మొదటి దెబ్బకు పూలు రాలాయి. తరువాతి దెబ్బలకు పుల్లలు విరిగి వీపులో దిగాయి. ఇద్దరు ముగ్గురు వచ్చి చేతులు గట్టిగా పట్టుకున్నారు, చిన్నమామవి. కింద పడ్డాక ఎవరో నడుం మీద తన్నారు. ఆ కాలికి పట్టీలున్నాయి.

అమ్మమ్మ ఆయనను బోర్లా పడుకోబెట్టి, సూదితో పుల్లలు తీస్తూ, "అందరి తీర్గ సోంగు ఏస్తె ఏమైతుండె కొడుకా" అని ఏడ్చింది.

"సోంగు దినాం దుకాన్ల ఏస్తనే ఉన్న గదనే అమ్మా. ఇయ్యాల్నే ఇప్పిన" అన్నాడు చిన్నమామ, దిండులో మొహం పెట్టుకునే.

మీసం మొలిచేదాకా దుకాణం మెట్టెక్కొద్దని పెద్దమామ గడప దగ్గర నిలబడి చెప్పాడు. చిన్నమామ మొలవనివ్వలేదు. వీపు మానగానే మూతి నున్నగా గీసుకుని ఆదిలాబాద్ రైలెక్కాడు. ఆ తరువాత ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. చిన్నకొడుకు వయసెంతని ఎవరైనా అడిగితే అమ్మమ్మ ఇప్పటికీ ఇరవై రెండే అంటుంది. పై ఏటి హోళికి నేను ఆయనకంటే పెద్దదాన్నవుతాను.