ఘాట్ పాఠాలూ సింక్ బటనూ

2007 జూన్‌లో నన్ను బిలాస్‌పూర్‌లోని, బండ్లు నడిపే రన్నింగ్ సిబ్బంది శిక్షణ కేంద్రానికి వేశారు. అప్పటికి నేను టెలికాం విభాగంలో సీనియర్ సెక్షన్ ఇంజినీరును. పేరు పెద్దదే గానీ అది అధికారి హోదా కాదు, సూపర్‌వైజర్లలో అన్నిటికన్నా పై మెట్టు. ఆ పైన ఉన్నవాళ్లు సంతకం చేస్తారు, ఈ మెట్టు మీద ఉన్నవాడు సంజాయిషీ రాస్తాడు.

ఖొంగసరా దాటాక వచ్చే ఘాట్‌లో గూడ్స్ బండిని ఎలా ఎక్కించాలి, ఎలా దించాలి అన్న పాఠాలను రికార్డు చేయించి, జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్లలో నింపడం నాకు అప్పగించిన పని. వాటిని రన్నింగ్ రూముల్లో లోకో పైలట్లకు ఇస్తారు. ఊరు కాని ఊళ్లో డ్యూటీ దిగిన సిబ్బంది తరువాతి బండి దాకా విశ్రాంతి తీసుకునే విడిదే రన్నింగ్ రూము. ఇంజనులో ప్లేయరు ముట్టుకోకూడదు. పుస్తకం ఇస్తే తెరవకుండానే నిద్రపోతారు, పాఠం చెవిలో పెడితే సగమైనా విని నిద్రపోతారని మా అధికారి ఆలోచన.

పాఠాలు చెప్పింది అప్పలస్వామి గారు. లోకో ఇన్‌స్పెక్టరుగా, అంటే డ్రైవర్ల పక్కన నిలబడి వాళ్ల పనితనం చూసే ఉద్యోగిగా రిటైరై, బిలాస్‌పూర్‌లోనే లింగియాడీహ్‌లో ఇల్లు కట్టుకున్నారు. తాతగారి కాలంలో విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. ఆ ఘాట్ గురించి ఆయనకు తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు. కానీ ఆయన గొంతులో గడ్డ తేలింది. వర్షాలు ముదిరేలోగా రాయ్‌పూర్‌లో ఆపరేషను చేయాలని, తరువాత మాట నిలుస్తుందని హామీ ఇవ్వలేమని డాక్టర్లు అన్నారు. మా తొందరకు అదే కారణం.

మొదటి రోజు ఆయన మైకును అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏటి బాబూ, ఇన్నేళ్లు ఇంజను మోత మీద అరిసిన గొంతు ఈ అగ్గిపెట్టెలోన పడతాదా?" అన్నారు. పడుతుందని చెప్పి నేను తేదీ, పాఠం పేరు రాసుకోబోతే, "నీ రాత తరవాత. ముందు మిషను నొక్కు. ఘాట్‌లోన బండి నీ డైరీ కోసం ఆగదు" అని కసిరారు. పాఠాలు చెప్పింది హిందీలోనే. అయినా ప్రతి హెచ్చరిక చివరా మన పిలుపు వచ్చి చేరేది: "జల్దీ మత్ కరో బాబూ", అంటే తొందరపడకు బాబూ. ఆపరేషనుకు వెళ్లే ముందే మొత్తం పూర్తి చేశారు.

ఇక సాఫ్ట్‌వేరు. నాకు పాటల పిచ్చి లేదు. మూడు పద్ధతులు పరీక్షించి అభిప్రాయం ఇవ్వమంటే ఇచ్చాను. ఉచితంగా దొరికిన ఒకటి పాట వినిపించడంలో దిట్ట, ప్లేయరును మాత్రం ఒకసారి గుర్తుపడితే మరోసారి గుర్తుపట్టేది కాదు. ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తే పని జరిగేది గానీ పాఠాల వరుస చెదిరేది. ప్లేయరుతో పాటు వచ్చిన మూడోది పాఠాలన్నిటినీ లైబ్రరీగా అమర్చి, సింక్ అనే ఒక్క బటనుతో ప్లేయర్లన్నిటినీ ఒకే తీరుగా నింపేది. ప్లేయరు తన సొత్తన్నట్టు ప్రవర్తించడం ఒక్కటే నాకు నచ్చలేదు. ఎక్కే పాఠం తరువాతే దిగే పాఠం రావాలి కాబట్టి దాన్నే సిఫారసు చేశాను. ఆ సిఫారసు తప్పని ఇప్పటికీ అనుకోను.

నాతో పనిచేసిన జూనియర్ ఇంజినీరు సత్యవతి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. మాట మధ్యలో హిందీలోకి జారిపోయేది. సిగ్నల్ పరికరాలు విప్పి బిగించడంలో చేయి తిరిగిన మనిషి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం పిడుగు దెబ్బకు మా కంప్యూటరులోని హార్డ్ డిస్కు కాలిపోయింది. పాఠాలను సీడీల మీదికి తీయాలని ముందే అనుకున్నాం. ఆ సీడీలు కోరుతూ పంపిన ఇండెంటు ఇంకా స్టోర్స్ విభాగం దాటలేదు. కొత్త డిస్కు వేసి సాఫ్ట్‌వేరు ఎక్కిస్తే లైబ్రరీ ఖాళీగా తెరుచుకుంది. అప్పటికి అప్పలస్వామి గారి ఆపరేషను అయింది, మాట పోయింది. ఆ పాఠాలు ఇక ప్లేయర్లలో తప్ప మరెక్కడా లేవు.

సత్యవతి కంగారుపడలేదు. "టెన్షన్ ఎందుకు సార్? ప్లేయర్లో అన్నీ ఉన్నాయి కదా. సింక్ కరేంగే, ఇటు వచ్చేస్తాయి" అంది. సిగ్నళ్లూ టెలికామూ కలిసిన మా శాఖలో ఎవరైనా అలాగే అనుకునేవారు. రెండు స్టేషన్ల మధ్య బండి వదలాలంటే బ్లాక్ పరికరం మీద పక్క స్టేషన్‌ను అడగాలి. అక్కడివాడు ఒప్పుకుంటేనే లైన్ క్లియర్. ఒక చివర ఉన్నవాడు తన ఇష్టానికి ఏమీ చేయలేడు. రెండు యంత్రాలను కలిపే పని ఏదైనా అలాగే ఉంటుందని మా చేతులకు అలవాటు.

మా గదిలో ఉన్న ప్లేయరును ఆమె తగిలించింది. ఇది వేరే లైబ్రరీకి చెందినది, మార్చి సింక్ చేయాలా అని తెర మీద ప్రశ్న వచ్చింది. అవునని నొక్కింది. లైబ్రరీ ఎంత ఖాళీగా ఉందో ప్లేయరూ అంత ఖాళీ అయింది.

"సార్, సబ్ సాఫ్ అయిపోయింది" అంది.

మొత్తం నాలుగింటిలో మిగిలిన మూడు ప్లేయర్లూ ఘాట్ అవతలి పెండ్రా రోడ్ రన్నింగ్ రూము నుంచి ఆ సాయంత్రమే వస్తున్నాయి. తెచ్చేవాళ్లు ముందు లాబీకి, అంటే సిబ్బంది డ్యూటీ ఎక్కినప్పుడూ దిగినప్పుడూ సంతకం పెట్టే గదికి వెళతారు. ప్లేయర్లను అక్కడి కంప్యూటరుకు ఛార్జింగుకు తగిలించడం వాళ్ల అలవాటు. ఆ కంప్యూటరు కూడా నెట్‌వర్కులో మా లైబ్రరీతోనే, అంటే ఇప్పుడు ఖాళీగా ఉన్న దానితోనే ముడిపడి ఉంది. వైరు తగిలితే చాలు, అదే ప్రశ్న వస్తుంది, ఎవరో ఒకరు చదవకుండానే అవునని నొక్కేస్తారు.

నేను చెప్పేలోగానే సత్యవతి బయలుదేరింది. లాబీలో ఛార్జింగు వైరు పీకి, చుట్టచుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. "మేడమ్ వైరుకు కాపలానా, కంప్యూటరుకా?" అని క్లర్కు ఆటపట్టించాడట. బండి దిగిన లోకో పైలట్ వైరేదని వెతుకుతుంటే, "మేరే పాస్ హై భయ్యా. పెహలే ప్లేయర్ దీజియే" అని మూడూ చేతిలో పడ్డాకే లేచింది.

ఆ సమయానికి నేను కంట్రోల్ ఫోను పక్కన ఉన్నాను. బండ్ల రాకపోకలను నడిపించే కంట్రోల్ ఆఫీసు రోజూ సాయంత్రం ఆ ఫోను మీద అన్ని స్టేషన్లకూ సమయం చెబుతుంది. స్టేషన్ మాస్టర్లు తమ గడియారాలను దాని ప్రకారం సరిచేసుకుంటారు. నీ గడియారంలో ఎంతైందని కంట్రోల్ ఎవరినీ అడగదు. ఆ రోజు సమయం చెప్పడం వింటుండగా సింక్ సంగతి అర్థమైంది. అది బ్లాక్ పని కాదు, సమయం చెప్పే పని. కంప్యూటరు కంట్రోల్, ప్లేయరు స్టేషన్ గడియారం. కంట్రోల్ దగ్గరే ఏమీ లేకపోతే స్టేషన్లన్నీ ఏమీ లేకుండా పోతాయి.

అందుకని ఆ సాఫ్ట్‌వేరు అసలు లేని కంప్యూటరు కోసం వెతికి, లెక్కల విభాగం వాళ్లను బతిమాలాం. దానికి తగిలిస్తే ప్లేయరు మామూలు డిస్కులా తెరుచుకుంది. పాఠాలు దాచిన ఫోల్డరులో అన్నీ ఉన్నాయి. పేర్లు మాత్రం అర్థంలేని అక్షరాలు. అసలు పేర్లనూ వరుసనూ సాఫ్ట్‌వేరు తన దగ్గరే పెట్టుకుంది. మేమిద్దరం విని కొన్ని పోల్చుకున్నాం. లోడు బండిని దించే పాఠమేదో, ఖాళీ బండిని దించే పాఠమేదో టెలికాం వాళ్లకేం తెలుస్తుంది? అవి తారుమారైతే వినేవాడికి ప్రమాదం.

లింగియాడీహ్ వెళ్లాం. అప్పలస్వామి గారి మెడకు కట్టు ఉంది. ఒక్కొక్క పాఠం వినిపించాం. ఆయన రైల్వే చేతి సైగలతో జవాబిచ్చారు. చేయి అడ్డంగా చాచి నిలిపితే ఇది సరే, పోనివ్వు. రెండు చేతులూ తలపైకెత్తితే ఆగు, వరుస తప్పింది. లోడు బండి పాఠం వచ్చినప్పుడు ఒక చేయి పైకీ కిందికీ ఊపారు. జాగ్రత్తగా పోనివ్వమని దానర్థం. అది లోడు బండిని దించే పాఠమని అర్థమై సత్యవతి వెంటనే పేరు రాసేసింది.

వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన భార్య రమణమ్మ గారు అంతా విన్నారు. "ఇంట్లోన ఏటడిగినా ఊఁ అనీవోరు. ఆ పెట్టెలోన సూడండి, ఎంత నిమ్మళంగా సెప్తన్నారో!" అన్నారు. ఆయన రెండు చేతులూ పైకెత్తారు. సత్యవతికి ముందు నవ్వు వచ్చింది, తరువాత కళ్లు తుడుచుకుంది.

తరువాతి వారం సీడీలు వచ్చాయి. నేను రిటైరయ్యే దాకా ఆ పాఠాలు రన్నింగ్ రూముల్లో మోగాయి. హిందీ సిబ్బంది ఆ ప్లేయరును 'బాబూ' అనే పిలిచేవారు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. రెండు యంత్రాలను కలిపే ముందు, అవతలి చివరను అడిగే ఏర్పాటు ఉందా, లేక ఒక చివరే చెబుతుందా అన్నది తేల్చుకోవాలి. ఒక చివరే చెప్పేదైతే, ఆ చివర ఏముందో చూశాకే వైరు తగిలించాలి. లాబీలో వైరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సత్యవతికీ, నోట మాట లేకపోయినా మూడు గంటలు చేతులెత్తి పాఠం చెప్పిన అప్పలస్వామి గారికీ నేను రుణపడి ఉన్నాను.