అంగడికి తోలే ముందు ఒక చూడి పరీక్ష

స్వప్న ఫోన్ చేయకపోతే ఆ శనివారం ఇంట్లో బట్టలు ఉతుక్కుంటూ ఉండేదాన్ని. స్వప్న నా క్లాస్‌మేట్, చేవెళ్ల దగ్గరి పల్లెలో పశువుల డాక్టరు. నేను నగరంలో పశువుల పరీక్షా కిట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను.

"నీ కిట్లు పట్టుకొని జల్ది రావే. మా ఊళ్లె మాణెమ్మ రేపు బర్రెను అంగడికి తోలుతనంటున్నది. ఎదకొచ్చినప్పుడు రెండుసార్లు సూది వేసినా సూడి కట్టలే. మూడోసారి వేసి నెల దాటింది, చేత్తో జూసి చెప్పుడు ఇంకా కాదు" అంది.

మెహిదీపట్నంలో ఎనిమిది గంటల బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. ఒళ్లోని ఐసు డబ్బా చూసి పక్కసీటు అవ్వ అడిగింది.

"చాపలా బిడ్డా?"

"కాదవ్వా, బర్రె చూడిదో కాదో చూసే సామాను."

"మా కాలంల ఊకె జూసే చెప్పేటోళ్లు. సగం తప్పే అనుకో!" అని నవ్వి ఒక జామకాయ ఇచ్చింది.

మొయినాబాద్ దాటాక కిటికీ నిండా క్యారెట్ మడులు, బంతి తోటలు. చేవెళ్లలో దిగి ఇడ్లీ తిని, స్వప్న స్కూటీ ఎక్కాను.

మాణెమ్మ కొట్టం ముందే నిలబడి ఉంది. "పాలు ఎండిపాయె. ఒక్కదాన్ని ఎంతకని మేపుత, డాక్టరమ్మా?" అంటోంది కానీ చెయ్యి మాత్రం బర్రె మెడ నిమురుతూనే ఉంది.

చూడి నిలిస్తే గర్భంలోని మాయలో తయారయ్యే ఒక ప్రొటీన్ తల్లి రక్తంలోకి వస్తుంది. మా పట్టీ మీది యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటే రెండో గీత పడుతుంది. ఈనిన కొత్తలో పాత ప్రొటీనే రక్తంలో మిగిలి మోసం చేయొచ్చు కాబట్టి, ఎప్పుడు ఈనిందని అడిగాను.

"ఏడాది దాటిందమ్మా."

స్వప్న మెడ నరం నుంచి రక్తం తీసింది. పట్టీ మీద చుక్కలు వేశాను. ఒక్క గీతా రాలేదు. మాణెమ్మ మొహం వాడిపోయింది. "లేనట్టేనా?"

"కాదు, పట్టీయే పనిచేయలేదు. మంచిగా పనిచేస్తే ఒక గీతైనా రావాలి. ఐసులోంచి తీసిన చల్లటిది చల్లగానే వాడాను."

రెండో పట్టీని చలి వదిలేదాకా గోడ మీద పెట్టి చాయ్ తాగాం. మళ్లీ చుక్కలు వేశాక మొదటి గీత వచ్చింది. కాసేపటికి దాని పక్కనే రెండోది, ముందు లేతగా, తర్వాత ముదురుగా.

"రెండు గీతలు! మా కోడలికి గిట్లనే వచ్చినయి!" అని మాణెమ్మ అరిచింది. అక్కడికక్కడే బేరగానికి ఫోన్ కలిపింది. "బర్రె రాదన్నా. సూడిది!"

"గింతల్నే ఖాయం అనుకోకు. ఇంకో నెలకు చేత్తో జూస్త. అప్పటిదాక మంచిగ మేపు" అని స్వప్న హెచ్చరించింది. జొన్నరొట్టె, టమాట తొక్కు పెట్టందే మాణెమ్మ మమ్మల్ని కదలనివ్వలేదు.

ఆ దారిన వెళ్లేవారికి ఒక మాట: తిరుగు బస్సు చేవెళ్లలోనే పట్టుకోండి. మొయినాబాద్‌లో చిల్కూరు గుడి జనం ఎక్కారంటే కాలు పెట్టే జాగా ఉండదు. నేను ఒక ముసలాయనకు సీటిచ్చి నగరందాకా నిలబడే వచ్చాను. కాళ్లు పీకాయి కానీ మనసు తేలిగ్గా ఉంది. ల్యాబుకు పరీక్షకు రక్తం పేర్లు లేకుండా నంబర్లతో వస్తుంది, ఫలితం నంబర్లతోనే వెళ్తుంది. ఆ గీత చూసి ఒక మనిషి బర్రె నుదుటికి నుదురు ఆనించి నవ్వడం నేను చూసింది ఆ రోజే.