నలభై పాలకూర మొక్కలు, కరెంటు లేని పగలు

ఈ రోజు గుడియాత్తంలో మా అక్క కూతురి సీమంతం. పొద్దున తొమ్మిదికే బయలుదేరాల్సిన నేను, మధ్యాహ్నం దాకా వేలూరులో మా మిద్దె మీదే చిక్కుకుపోయాను.

కారణం, నెల క్రితం మొదలుపెట్టిన మట్టి లేని తోట. పైపులకు రంధ్రాలు చేసి, చిన్న చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో నలభై పాలకూర మొక్కలు పెట్టాను. మోటారు ఆడినంతసేపే వేర్లకు నీళ్ళు అందుతాయి. నేను చీర కట్టుకునేసరికి కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాదని పక్కింటావిడ చెప్పింది.

పట్టుచీర కొంగు నడుముకు దోపి, పావుగంటకోసారి చెంబుతో పైపుల్లో నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. వెళ్తే మొక్కలు వాడిపోతాయి, వెళ్ళకపోతే అక్క ఇక నాతో మాట్లాడదు. ఎండకు, దిగులుకు ఏడుపొచ్చింది. అప్పుడు నాయన ఫోన్ చేశాడు.

“యాడుండావమ్మా?”

“మిద్దె మీద, నాయనా. కరెంటు లేదు. నేనొస్తే చెట్లు చచ్చిపోతాయి.”

“ఆ గిన్నెలు ఎత్తి, వేర్లు మునిగేట్టు బకెట్లో పెట్టేసి రాకూడదా?”

మూడు బకెట్లు నింపి, మొక్కల్ని నీడలో పెట్టి, బస్సెక్కాను.

చేరేసరికి భోజనాలు కూడా అయిపోయాయి. అక్క మొహం తిప్పుకుంది. దాని కూతురు మాత్రం రెండు గాజులు నా చేతిలో పెట్టి, “నువ్వు వేస్తావని వీటిని ఆపి పెట్టినాను పిన్నీ” అంది. ఒక్కో చేతికి ఒకటి తొడిగాను.

ఇంత చిన్న ఉపాయం తట్టక మీరెప్పుడైనా ఇట్లా ఇరుక్కున్నారా? నాకు తోడుగా ఒక్కరైనా చెప్పండి.