ఊపిరికి బెల్లం

మణికొండల మా కిరాయి ఇంటెనక కొత్త అపార్ట్‌మెంటు లేస్తున్నది. పొద్దున్నే మిషన్ పెట్టి గ్రానైటు పలకలు కోస్తరు. కొయ్యంగనే కాలిన రాయి వాసన కిటికీలకెల్లి వంటింట్లకొస్తది, పొయ్యి మీది తాలింపు వాసన సుత దాని కింద అణిగిపోతది. మా కోడలు "దుమ్మొస్తుంది అత్తమ్మా" అని కిటికీ మూసి తన పని తాను చూసుకుంటది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే కడుపులకెల్లి కోపం లేస్తది. యాభై ఏండ్లయినా ఆ కోపం సల్లారలే.

గిప్పుడు అద్దాల బిల్డింగులు నిలబడ్డ ఈ దిక్కంత నా చిన్నప్పుడు బండలే. ఒకదాని మీదొకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టుండేటివి. వాటి సందులల్ల సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు, ఎండకాలమైతే పొద్దుగూకినంక కూసున్నా సురసుర కాలే రాయి. వానలు పడంగనే సందు సందుకు నీళ్లు నిలిచి, ఆ నీళ్లల్ల కప్పలు అరుస్తుంటే మేము పోరగాండ్లం నున్నటి బండ మీదికెల్లి లాగులు చిరిగేదాక జారేటోళ్లం. సీతాఫలాలు కండ్లు విచ్చుకుంటే తెంపుకొచ్చి వడ్లపొట్టుల కప్పెట్టి, పండినయా లేదా అని గడియకోసారి ఒత్తి చూసి సగం మేమే పాడు చేసేటోళ్లం. బతుకమ్మకు తంగేడు పువ్వు మా గుట్ట మీదనే, అమ్మ దంచిన నువ్వుల సత్తు పొడి నోట్లేసుకోని మాట్లాడితే ఎదుటోళ్ల మొకం మీద పడేది, గందుకే తిట్లు.

మా నాయిన బండలు పగలగొట్టేటోడు. బండకు రంధ్రం చెయ్యాలె, అండ్ల మందు కూరాలె, పేల్చాలె. మొదట్ల అంత చేతి పనే. ఒకరు ఇనుప సలాక పట్టుకోని దెబ్బ దెబ్బకు తిప్పుతుంటే ఇద్దరు సమ్మెటలతోని కొట్టేటోళ్లు. నా పని రంధ్రంల చెంబుతోని నీళ్లు పొయ్యడం. బురద చిల్లకుండ సలాక చుట్టూత తడిగుడ్డ చుట్టి పెట్టేటోడు నాయిన. లోపటికెల్లి బూడిదరంగు బురద పొంగేది, ఆ బురదతోనే నేను బొమ్మ కుండలు, బొమ్మ పొయ్యి చేసి ఎండబెట్టుకునేదాన్ని. ఆ రోజులల్ల నాయిన ఇంటికొస్తే కాళ్లకే బురద, మొకం మాత్రం మంచిగుండేది.

తర్వాత గాలి జోరుతోని బండకు రంధ్రాలేసే కంప్రెషర్ మిషనొచ్చింది. దాన్ని తెచ్చిన మేస్త్రి మల్లయ్య నీళ్లు బంద్ చెయ్యమన్నడు. నీళ్లు పోస్తే బురదై మిషను తిరగదట, పని ఎనకబడ్తదట. ఇగ చూడు, పొగ లేసినట్టు లేసేది పొడి. పిండి గిర్నిల కూడా అంత మెత్తటి పొడి చూడలే నేను. నాయిన కనుబొమ్మలు, మీసాలు తెల్లగై ఇంటికొస్తే "నాయిన ముసలోడయిండు" అని మేము ఎగిరి నవ్వినం.

నీళ్లకు బదులు బెల్లం పంచుడు మొదలుపెట్టిండు మేస్త్రి. పొద్దుగూకి పని ఇడిసేటప్పుడు గోనెసంచి ఇప్పి మనిషికో ముక్క చేతుల పెట్టేటోడు. "తినుర్రి, గొంతుల పట్టిన దుమ్మంత కడుక్కపోతది" అనేటోడు. అందరు నమ్మిన్రు. చుట్టుపక్కల ఏ బండల కాడైనా అదే నమ్మకం. నాయిన సగం తిని, సగం రుమాలు కొసకు ముడేసుకోని మా కోసం తెచ్చేటోడు. మేము ఉరికి పోయి ఆ ముడి ఇప్పుకునేటోళ్లం. బెల్లానికి సుత రాతిపొడి అంటి పండ్ల కింద కరకరమనేది.

బోనాల పండుగకు మేకను కోస్తే నాయిన మా కోసం ఓ ఆట చేసేటోడు. ఊపిరితిత్తులను గొట్టంతో సహా తీసి, కడిగి, గొట్టానికి నోరు పెట్టి ఒక్క దమ్ముల ఊదేటోడు. గులాబీరంగు కండ బుస్సుమని ఉబ్బి, ఆయన రెండు చేతులు నిండేది. ఇడిస్తే సుయ్యిమని తగ్గేది. "చెయ్యి పెట్టి చూడు బిడ్డా, ముందటి గొట్టం గట్టిగ మెట్లు మెట్లుగ ఉంటది, అది గాలికి. దాని ఎనక మెత్తటిది బువ్వకు. నవ్వుకుంట తింటే బువ్వ గాలి తోవల పడ్తది, గందుకే పొరబోతది" అని చెప్పేటోడు.

మిషనొచ్చినంక మూడో బోనాలకో, నాలుగో బోనాలకో, నాయిన ఊదితే అది సగమే లేసింది. మళ్ల ఊదిండు. దగ్గు తెరలు తెరలుగ వచ్చి కూలబడ్డడు. చేతులకెల్లి ఆ కండ జారి కిందపడ్డది.

నేనే అడిగిన. "నాయినా, బెల్లం ఎనక గొట్టంల పోతది గద. దుమ్ము ముందటి గొట్టంల పోయింది. మరి బెల్లం దాన్నెట్ల కడుగుతది?"

"నోరు ముయ్యవే పోరీ, పండుగపూట!" అని అమ్మ కసురుకున్నది. తెల్లారి నాయిన మేస్త్రి కాడికి పోయి నీళ్లు పొయ్యనియ్యమని అడిగిండు. నేను పక్కనే ఉన్న.

"ఏందిరా, బెల్లం తియ్యగ లేదా? నీకంత పరేషాన్ ఉంటే సమ్మెట కొట్టుకో పో, మిషన్ ఇంకోనికిస్త" అన్నడు మల్లయ్య. ఆ మాటన్న జాగకు పది అడుగుల దూరంల బండ తవ్విన గుంత నిండ నీళ్లున్నయి! మేము ఈతలు కొట్టే నీళ్లు, బర్రెలు పండుకునే నీళ్లు. ఆ నీళ్లల్లకెల్లి నాలుగు చెంబులు రంధ్రంల పోస్తే వాని సొమ్మేం పోయేది? నాయిన గుంత దిక్కు చూసి, మా దిక్కు చూసి, మళ్ల మిషన్ పట్టుకున్నడు.

ఇగ ఏండ్లు గడవకముందే గుట్టెక్కలేకపోయిండు, తర్వాత ఇంటి మెట్టెక్కలేకపోయిండు. పండుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకోని కూసునే నిద్రపోయేటోడు, ఆ ఊపిరి గుంజుడు వాకిట్లకు ఇనొచ్చేది. పట్నంల దవాఖానకు తీస్కపోతే టీబీ అన్నరు. ఏం పనిచేస్తవని అడగలే. సూదులేసిన్రు, గోలీలిచ్చిన్రు, పిల్లలను దగ్గరికి రానియ్యొద్దన్నరు. ఆ మాట మాకంటె ముందు ఊర్లెకొచ్చింది. గచ్చకాయలాడే పోరీలు నన్ను చూసి లేచిపోయిన్రు. నాయినకు గిలాస వేరు, పళ్లెం వేరు, సాప వేరు. రుమాలు ముడి ఇప్పే నేను గడపకాడికెల్లి ఆయనను చూసుకుంట నిలబడ్డ. అట్లనే పోయిండు. గుట్ట కింద బొందపెట్టినం.

నా పెనిమిటిది సుత అదే పని, అదే దగ్గు. ఆయనను చూసిన డాక్టరమ్మ మొట్టమొదట "ఏం పనిచేసేటోడమ్మా" అని అడిగింది. కుర్చీ దగ్గరికి జరుపుకోని చెప్పింది. లావు దుమ్మునైతే ముక్కుల వెంట్రుకలు, గొంతుల తడి ఆపుతయట, దగ్గు బయటికి నూకుతదట. రాతిపొడి వాటన్నిట్ని దాటి గొట్టాల కొసల దాక పోతదట. ఆడ ద్రాక్షగుత్తి లెక్క సన్న సన్న బుడగలుంటయట, ఉల్లిపొర కంటె పలుచన, అక్కడికెల్లే గాలి నెత్తురుల కలుస్తదట. పొడి ఆడ దిగబడి పుండు చేస్తే, పుండు మానిన జాగ అట్టకట్టుకపోయి ఇగ ఉబ్బదట.

"బెల్లం తింటె పోదా?" అన్న. తల అడ్డంగ ఊపింది. "ఇది టీబీ కాదు, ఒకరికెల్లి ఇంకొకరికి అంటుకునేది కాదమ్మా" అన్నది.

అప్పుడు నా గుండె పగిలింది పెనిమిటి కోసం కాదు, మా అమ్మ కోసం. అప్పటికామె పోయింది. నాయిన రోగం తనల గూడ ఉన్నదని బతికినన్నాళ్లు నమ్మింది. మూలకు సాప, మిగిలిన బువ్వ, ఎవ్వరి గిలాస ముట్టలే. నాకు కొడుకు పుడితే గడపవతల నిలబడి చూసింది. "ఎత్తుకోవే అమ్మా" అని నేను ఏడిస్తే ఎనకకు జరిగింది.

గుట్ట ఇప్పుడు లేదు. పగిలి కంకరై రోడ్ల కింద పోయింది. ఈతలు కొట్టిన గుంతను పూడ్చిన్రు, సీతాఫలం చెట్టు ఒక్కటి లేదు, మా నాయిన బొంద మీద కార్లు నిలబడే జాగయింది. గుట్ట పోతే పోనీ. మా అమ్మ నా పిల్లగాన్ని ఒక్కసారి సంకనెత్తుకోకుండనే పోయింది. ఏం పనిచేస్తవు అని ఆనాడు దవాఖానల నాయినను ఒక్కడడిగి ఉంటే, ఎత్తుకునేది.