ఇంజను మీద మల్లెపూలు

మొన్న మదనపల్లెలో పెట్రోలు బంకు దగ్గర కారు నిలిపినప్పుడు, పక్కనే పూలమ్మే ఆమె బుట్ట మీది తడిగుడ్డను తొలగించింది. పెట్రోలు వాసనా మల్లెల వాసనా ఒక్కసారిగా కలిసి ముక్కుకు తగిలాయి. నా పక్క సీట్లో కూర్చున్న చిన్నమ్మ నా వైపు చూసి నవ్వింది. ఆమె పెళ్ళినాటి వాసన అది. ఏ రోజు సంగతి ఆ రోజే తేదీ వేసి రాసుకునే అలవాటు నాకు అప్పటికి ఇంకా రాలేదు కనుక, ఆనాటి సంగతులు ఇప్పుడైనా వరుస తప్పకుండా రాసి ఉంచుతున్నాను.

పుంగనూరులో మా తాతకు ఒక పాత అమెరికా కారు ఉండేది. మిషన్ ఆస్పత్రిలో పనిచేసి స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర కొన్నాడు. దాని గేరు కడ్డీ నేల మీద కాక స్టీరింగు పక్కన ఉండేది. కాలితో మీట తొక్కితే గాని ఇంజను మేలుకునేది కాదు. గాలి లోపలికి పోయే డబ్బాలో నూనె పోసి ఉండేది, రోడ్డు దుమ్మంతా ఆ నూనెలో చిక్కి అడుగున బురదలా పేరుకునేది. శనివారం సాయంత్రాలు తాత ఆ బురద తీస్తుంటే, నేను వేరుశనగకాయలు ఒలుచుకు తింటూ చూసేదాన్ని. అన్నిటికన్నా వింత, ఇంజనుకు పెట్రోలు అందించే పంపు కింది గాజుగిన్నె. ట్యాంకు నుంచి వచ్చిన పెట్రోలు అందులో తేరుకుని, నలుసులు అడుగున దిగి, తేటది మాత్రం పైకి పోయేది.

చిన్నమ్మ పెళ్ళి మండువేసవిలో, మదనపల్లెలో మేము గుడి అని పిలిచే చర్చిలో. పాస్టరుగారు మధ్యాహ్నానికల్లా నిమ్మనపల్లెలో ఎవరో చనిపోతే భూస్థాపనకు పోవాలి. మేము ఆలోగా చేరకపోతే ఆ రోజుకు పెళ్ళి లేనట్టే. కుప్పం బంధువులు పంపిన మల్లెదండలు తడిగుడ్డలో చుట్టి చిన్నమ్మ ఒళ్ళో ఉన్నాయి. దారిలో ఒక మిట్ట ఎక్కుతుండగా ఇంజను దగ్గి ఆగిపోయింది.

తాత బానెట్టు ఎత్తాడు. గాజుగిన్నెలో పెట్రోలు బుడబుడమంటోంది.

"పెట్రోలు మండుతాది గదా తాతా, మరిగేది యాల?" అన్నాను.

"ఇంజను సెగకి గొట్టంలోనే ఆవిరైపోతాదమ్మా. పంపు పెట్రోలును లాగుతాదిగానీ ఆవిరిని లాగలేదు. తడిగుడ్డ కప్పితే సల్లబడతాది. డిక్కీలో నీళ్ళ డబ్బా ఉండాది, సూడు."

"అది వాకిట్లో ఉండాది," అంది అవ్వ మెల్లగా. "సీరల పెట్టెకి సోటు సాల్లేదని దించేసినా."

"నీళ్ళు దించి సీరలు ఎక్కించినావా! ఇంక ఆ సీరల్నే తొయ్యమను బండిని!"

చూపుమేరలో బావి లేదు. చిన్నమ్మ తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి దిగి, పూలమూట విప్పి గుడ్డ అందించింది. కప్పిన కాసేపటికే అది పొగలు కక్కి ఎండిపోయింది, బుడగలు ఆగలేదు. ఆమె చేతిలోని దండల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"ఇవి గూడా తడిగానే ఉండాయి. కప్పు నాయనా."

"పూలు లేకుండా గుడికి పోతావా? నలుగురూ నవ్వుతారు!" అంది అవ్వ.

"నవ్వేదానికైనా మనం ఆడ ఉండాల గదమ్మా."

తాత ఒక్క క్షణం కూతురి ముఖం చూసి, దండలన్నీ గొట్టం చుట్టూ, పంపు మీదా చుట్టాడు. ఉడికిన మల్లెల వాసన, పెట్రోలు వాసనతో కలిసి రోడ్డంతా కమ్ముకుంది. నేను గిన్నె మీద నుంచి కన్ను తీయలేదు. బుడగలు పలచబడి, ఒకటొకటిగా తగ్గి, చివరికి పెట్రోలు తేటగా నిలిచింది. తాత మీట తొక్కాడు, ఇంజను పలికింది. మేము గుడి ముందు దిగేసరికి పాస్టరుగారు చెప్పులు తొడుక్కుంటున్నారు. పెళ్ళి ఫోటోలో చిన్నమ్మ మేలిముసుగు కింద ఒక్క పువ్వూ లేదు, నవ్వు మాత్రం ఉంది.

ఆ కారు లేదు, తాతా అవ్వా లేరు. ఇప్పటి కారులో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. బానెట్టు ఎత్తితే ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనిపించదు. బంకు దగ్గర కొన్న మల్లెలను చిన్నమ్మ తలలో పెట్టుకోక, తడిగుడ్డలోనే చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఈ కార్లకు ఆ బెడద లేదని నేను వివరంగా చెప్పాను. అంతా విన్నది.

"ఉండనీలేమ్మా," అంది. "మీ తాత బండి గూడా ఆ మిట్ట దాకా బాగానే పోయె."