ఎనిమిది బొట్ల బేస్ గిటారు

"ఆ నల్లదాని తీగలు వదులు చేసినావా?" అని మా ఆయన అడిగాడు.

"చేసినాలే. నువ్వు కండ్లు మూసుకో" అన్నాను.

మా ఇద్దరికీ అవే చివరి మాటలు. తెల్లవారేసరికి ఆయన లేడు. చూడటానికి వచ్చినవాళ్లు "చివరిగా ఏమన్నా చెప్పినాడా వదినా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. నల్లది అంటే ఒక బేస్ గిటారు. దానికి నాలుగు లావు తీగలు ఉంటాయి. వాయించని రోజుల్లో వాటిని కాస్త వదులు చేసి పెట్టాలి, లేకపోతే ఆ లాగుడుకు మెడ వంగుతుంది. పోయే ముందు కూడా ఆ మనిషికి దాని మెడ మీదే బెంగ. నాకు కోపం రాలేదు. ఆయన ఇంకో మాట ఏదైనా అని పోయి ఉంటేనే వింతగా ఉండేది.

మాది గుంతకల్లు. స్టేషన్ రోడ్డులో చిన్న అంగడి. మా ఆయన ఎర్రిస్వామి మొదట రేడియోలు రిపేరు చేసేవాడు. డెబ్బైల్లో రైల్వే కాలనీ నుంచి కొన్ని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు దేశం వదిలి పోతూ ఇంట్లో సామాను అమ్ముకునేవి. పండగలకు డాన్సులు పెట్టుకుని వాయించిన గిటార్లు కూడా అందులో ఉండేవి. మామూలు గిటార్లను ఎవరైనా కొనేవాళ్లు. బేస్ గిటారును ఎవరూ ముట్టేవాళ్లు కాదు. పొడవు, బరువు, పైగా కరెంటు లేకపోతే దాని గొంతు పక్కవాడికి కూడా వినపడదు. మా ఆయన వెతికి వెతికి అవే కొన్నాడు. ఎందుకయ్యా ఈ దుంగలు అంటే, "పాటలో దీన్ని ఎవురూ పట్టించుకోరే. తీసేసి చూడు, పాట కూలబడతాది. మీ మగ్గానికి కాళ్లు పెట్టుకునే గుంట ఎట్లనో పాటకు ఇది అట్ల" అనేవాడు. బాగు చేసి ఆర్కెస్ట్రా వాళ్లకు అమ్మేవాడు. అమ్మడానికి మనసు రానివి మా ఇంటి గోడకు ఎక్కేవి.

మగ్గం మాట ఎందుకంటే, నేను ధర్మవరంలో పట్టు నేసే ఇంట్లో పుట్టాను. చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. పెండ్లికి ముందు నా పనల్లా రాట్నం తిప్పి కండెలు చుట్టడం. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే దారపు చుట్టను కండె అంటారు. ఇప్పుడు నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సుజాత రాస్తోంది. పాత బేస్ గిటార్లు ఎట్లా కొంటారు, ఏం చూస్తారు అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అన్నీ చెప్పలేను. పామిడి సంగతి ఒక్కటి చెబుతాను.

దానికి ముందు కాస్త పని తెలియాలి. పాత గిటారులో మెరుపు చూడకూడదు. కొత్త రంగు పూస్తే దాని విలువ సగం పోయినట్టే. స్క్రూల తలలు చెదిరాయా, నాబ్‌లు మార్చారా, లోపలి సోల్డరింగ్ పాతదేనా అని మా ఆయన చూసేవాడు. ఆ తర్వాత వెనకవైపు స్క్రూలు విప్పి మెడను ఊడదీసేవాడు. అది ఒంట్లో కూర్చునే చోట చాలావాటికి తయారైన నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం పికప్. తీగల కింద ఉండే అయస్కాంతాల ముక్క అది. దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన తీగ వణికితే ఆ వణుకును పట్టి ఆంప్లిఫయరుకు పంపుతుంది. గిటారు గొంతంటే పికప్పే.

అది ఎనభై రెండో సంవత్సరం. దసరా అయిపోయింది. తాడిపత్రి మస్తాన్ అంగడికి వచ్చాడు. పాత కుట్టు మిషన్లు, గ్రామఫోన్లు ఎక్కడున్నాయో ఆచూకీ చెప్పి కమీషన్ తీసుకునే మనిషి.

"అన్నా, నువ్వు వెతికేది పామిడిలో ఉండాది. అమెరికాది. అరవైల్లో సరుకు. అవ్వ అమ్ముతాదంట" అన్నాడు.

మా ఆయన చేతిలోని సోల్డరింగ్ ఐరన్‌ను అట్లనే పట్టుకుని లేచాడు. గోడ మీదున్నవన్నీ కలకత్తాలో, బొంబాయిలో చేసినవి. అరవైల మొదట్లో అమెరికాలో చేసిన బేస్ ఒక్కటి చేతికి రావాలని ఆయనకు ఏండ్లుగా ఆశ. అందుకోసం బళ్లారి, బెంగుళూరు ఎన్నిసార్లు తిరిగాడో. ఆడమనిషి ఒంటిగా ఉండే ఇంటికి కొనుగోలుకు పోతే నన్ను వెంట తీసుకుపోవడం ఆయనకు అలవాటు. అట్లా ముగ్గురం పామిడి బస్సెక్కాం.

ఆ అవ్వ పేరు సుంకమ్మ. చిన్న పిల్లల గౌన్లు కుట్టి సంతలో అమ్ముకునేది. ఆమె కొడుకు ఓబులేసు అనంతపురంలో ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు. ఐదారేండ్ల కిందట ఒక పెండ్లిలో వాయించి వస్తూ లారీ బోల్తా పడి పోయాడు. సామాను వేరే బండిలో వచ్చింది కాబట్టి గిటారు మిగిలింది.

బొంతలో చుట్టి పెట్టినదాన్ని ఆమె రెండు చేతులతో ఎత్తుకొచ్చి చాప మీద పెట్టింది. బొంత విప్పగానే మా ఆయన మోకాళ్ల మీద వంగి చూశాడు. రంగు అదే, స్క్రూలు అవే, అరిగిన చోట కూడా వాయించేవాడి చెయ్యి ఆనిన అరుగుదలే. ఎవరూ కెలకలేదు. భుజాల మీద విభూతి పట్టెలు. పికప్ పైన అయస్కాంతాల తలలు ఎనిమిది ఇనుప చుక్కల్లా కనిపిస్తాయి, ఒక్కొక్క చుక్క మీద పసుపు పెట్టి దాని మీద కుంకుమ బొట్టు.

"ఆయుధపూజకు పెడతాండా నాయనా. వాని పనిముట్టు కదా. కండ్లు మాదిరి ఉండాయని వాటికే పెట్టినా. ఏటేటా తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెడతా" అంది.

"బాగా పెట్టుకున్నావవ్వా" అన్నాడు మా ఆయన. మెడ స్క్రూల మీద స్క్రూడ్రైవర్ పెట్టేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమప్పా, మెడ పెరుకుతావా?"

"పెరికి మళ్లీ పెడతా అవ్వా. దాని పుట్టినరోజు చూస్తా."

ఆమె నవ్వింది. మెడ విప్పితే ముద్ర ఉంది, నిజంగానే అరవైల మొదట్లోది. మస్తాన్ మా ఆయన వైపు చూసి కన్ను కొట్టాడు.

అప్పుడు ఆమె తన షరతు చెప్పింది. "చూడప్పా, వాడు పోయిన ఇన్నేండ్లకు మొన్న వాని జతగాడొకడు ఒక పెండ్లికని అడిగేకి వచ్చినాడు. కరెంటుకు పెట్టి చూస్తే పలకలే. వానితోపాటే ఇది గూడా పోయింది. చచ్చిందని తెలిసినంక ఇంట్లో పెట్టుకోలేక అమ్ముతాండా. పానం ఉంటే మాత్రం ఎంతిచ్చినా ఇయ్యను."

మా ఆయన మీటరు తీసి పికప్ రెండు వైర్లకూ ఆనించాడు. ముల్లు కదల్లేదు. ఆ పికప్‌లో రెండు ముక్కలు ఉంటాయి, ఒకదాని తీగ ఇంకొకదానితో కలిసి ఉంటుంది. ఒకటి తెగితే రెండూ మూగ. విడివిడిగా చూశాడు. ఒకటి బాగానే ఉంది. రెండోదాని మూత తీసి వేలితో రాస్తే పచ్చటి చిలుము అంటుకుంది. తడి కుంకుమ ఆ ఇనుప చుక్కల పక్కన సందులోంచి ఏటేటా దిగి, లోపలి రాగిని తినేసింది.

పాత సామాను వ్యాపారంలో లాభమంతా ఒక్క చోటనే ఉంటుంది. కొనేవాడికి తెలిసింది అమ్మేవాళ్లకు తెలియకపోవాలి. ఆ పూట మా ఆయన అవునవ్వా, చచ్చింది అని తల ఊపి ఉంటే గిటారు మా ఇంటికి వచ్చేది. ఆయన కాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మెడ మీద చెయ్యి అట్లనే ఉంది.

"ఇది చావలేదవ్వా. లోపల తీగ తెగింది. మళ్లీ చుడితే పలుకుతాది" అన్నాడు.

మస్తాన్ నెత్తి కొట్టుకున్నాడు. "ఏమన్నా, కొనేకి వచ్చినావా, వైద్యం చేసేకి వచ్చినావా?"

సుంకమ్మవ్వ అతన్ని పట్టించుకోలేదు. "తీగ ఎట్ల తెగిందప్పా?"

"తేమకు" అన్నాడు మా ఆయన, ఎటో చూస్తూ.

"వాన ముఖం చూసి ఎన్నాళ్లాయ. పెన్నలో ఇసుక తప్ప చుక్క లేదు. నా ఇంట్లో తేమ యాడిదప్పా?"

ఆమె చిలుము అంటిన ఆయన వేలిని చూసింది, బొట్లను చూసింది. అడగక ముందే అర్థమైపోయింది.

"అయితే నేనే చంపినానా?"

"చంపలేదు, మూగపోయింది. అంతే" అన్నాడు మా ఆయన. "అవ్వా, నేను ఇట్లాంటివి ఎన్నో చూసినా. కొడుకు పోయినంక తమ్ముడు రంగేస్తాడు, అల్లుడు నాబ్‌లు అమ్ముకుంటాడు. పిల్లోల్లు దాంతో క్రికెట్ ఆడినారు ఒక ఇంట్లో. నువ్వు ఎవుర్నీ తాకనియ్యలే. దీని ఒళ్లు ఓబులేసు పెట్టిపోయినట్లే ఉండాది. నువ్వు కాపాడినావు. ఈ ఒక్క తీగ నేను చూసుకుంటా."

చుట్టడానికి పికప్‌ను గుంతకల్లు తీసుకుపోతామంటే ఆమె ఒప్పుకోలేదు. వాని సామాను గడప దాటదంది. మా ఆయన బళ్లారికి పోయి, మోటారు వైండింగ్ సామాను అమ్మే అంగడిలో సన్నతీగ సంపాదించాడు. ఆయన చెయ్యి లావు, ఇంట్లో చుట్టి చూస్తే పట్టగానే తెగుతోంది. "నీ చెయ్యే కావాలమ్మే" అన్నాడు. అటకమీది నా రాట్నం దించాం. పామిడి బస్సులో కండక్టరు "ఏమమ్మా, రాట్నానికి గూడా సీటు కావల్నా?" అన్నాడు. "దానికి కాళ్లు లేవప్పా, నిలబడలేదు" అన్నాను. బస్సంతా నవ్వారు.

రాట్నంలో తిరిగే కదురుకు చిన్న చెక్కముక్క బిగించి, దానికి పికప్ చట్రాన్ని మైనంతో అతికించాడు. పట్టు సాగుతుంది. రాగి సాగదు, చెప్పకుండా తెగుతుంది. చట్రం పలకగా ఉంటుంది కాబట్టి ప్రతి మలుపుకూ తీగ ఒకసారి బిగుస్తుంది, ఒకసారి వదులవుతుంది. రెండు వేళ్ల మధ్య దాన్ని వెంటవెంట ఇస్తూ, పట్టుకుంటూ పోవాలి. మొదట తెగినప్పుడు అలవాటు కొద్దీ ఉమ్మి తడిచేసి మెలిపెట్టబోయాను. "పట్టుచీర కాదే అది!" అని మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. తెగిన ప్రతిసారీ మొదటికొచ్చి చుట్టాను. గాలికి తీగ ఊగుతుందని తలుపులు మూశాం. చెమట దాని మీద పడకుండా సుంకమ్మవ్వ నా పక్కనే కూర్చుని కొంగుతో నా నుదురు అద్దింది. మా ఆయన చుట్లు చూస్తూ గట్టిగా ఊపిరి కూడా తీయలేదు. అట్లా ఒకరి పనిని అంత మర్యాదగా చూసే మగవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

మీటరు పెడితే ముల్లు లేచింది. అన్నీ బిగించి, చెక్కపెట్టెలో తను తయారుచేసుకున్న ఆంప్లిఫయరుకు వైరు కలిపాడు. కరెంటు లేదు. కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక బల్బు వెలిగింది. ఆయన అన్నిటికంటే లావు తీగను ఒక్కసారి మీటాడు.

గూట్లో ఉన్న గిన్నెలు గలగలలాడాయి. సుంకమ్మవ్వ లేచి పోయి ఎదురు గోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది.

"ఇంగొకసారి అను నాయనా."

ఆయన మళ్లీ మీటాడు.

"వాడు లోపల నేర్చుకుంటాంటే నేను ఈ గోడకే ఆనుకుని గౌన్లు కుడతాంటి. నా ఈపుకు ఇట్లనే తగులుతాండె" అంది. గోడ నుంచి చెయ్యి తీసి కండ్లు తుడుచుకుని, "నేను ఇంగ అమ్మనప్పా" అంది.

"తెలుసవ్వా" అన్నాడు మా ఆయన. తెలిసే ఆ తీగ చుట్టించాడు మహానుభావుడు. గిటారును బొంతలో పెట్టేటప్పుడు మాత్రం మెడను ఒకసారి పైనుంచి కింది దాకా నిమిరాడు. అది నేను చూశాను. "ఒక మాట మాత్రం ఇనుకో. బొట్టు భుజం మీద పెట్టు, కండ్లకు పెట్టద్దు."

"కండ్లకు పెట్టకుంటే దానికి కళ ఎట్లప్పా?"

"కళ ఉండాదిలే. నేను ఏటేటా వచ్చి చూసిపోతా."

పోయేవాడు కూడా. ఆమె ఉన్నన్నాళ్లూ ఆయుధపూజ మరుసటి రోజు పామిడి బస్సు ఎక్కేవాడు. మస్తాన్ కొన్నాళ్లు మా అంగడి ముందు తలతిప్పుకుని పోయాడు. తర్వాత అతనే ఊరూరా చెప్పాడు, గుంతకల్లులో ఒక తిక్కోడు ఉన్నాడు, నీ సరుకు అసలు సంగతి నీకే చెప్పి బేరమాడతాడు అని. తిట్టడానికే చెప్పాడు గానీ, ఆ మాట విని జనం బళ్లారి నుంచి కూడా పాత గిటార్లు మోసుకొచ్చారు. నల్లది అట్లా వచ్చిందే.

అమెరికా బేస్ ఆయన గోడకు ఎప్పుడూ ఎక్కలేదు. అయినా ఎవరైనా వచ్చి, మీ దగ్గర అన్నిటికంటే మంచిది ఏది అని అడిగితే పామిడిలో ఉందని చెప్పేవాడు. కొన్నది మాత్రమే మన సేకరణ అని నేను అనుకునేదాన్ని. బతికించి వదిలేసింది కూడా లెక్కలోకి వస్తుందని ఆ పని నేర్పింది.

సుజాతా, ఇంక చాలు. మొదటి నుంచి చదువు, వింటాను. సుంకమ్మవ్వ నేనే చంపినానా అని అడిగిన చోట మెల్లగా చదువు. మీ పెద్దనాయన చచ్చిందనలేదు, మూగపోయిందనే అన్నాడు. అట్లనే రాసినావా లేదా, అది వినాలి నాకు.